ఫైలు పేరులో లిపి: నిల్వ సాఫ్ట్‌వేర్ సమీక్షా చరిత్ర - నల్లగొండ, మహబూబ్‌నగర్ పేర్ల పరిశీలన

వ్యాస సంగ్రహం:
కంప్యూటర్‌లో సమాచారాన్ని భద్రపరిచే బాధ్యత ఆపరేటింగ్ సిస్టంలోని ఫైల్ సిస్టంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసేవారు ఒకరి కోడ్‌ను మరొకరు చదివి, శైలిని, నిర్మాణాన్ని సమీక్షించే సంప్రదాయం దాదాపు ఐదు దశాబ్దాలుగా రూపుదిద్దుకుంది. ఆ చరిత్రను ఫైలు పేర్లు అనే ఒక్క అంశం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నల్లగొండ చరిత్రకు కేంద్రమైన ‘రైతు’ అనే మాట, ‘మహబూబ్‌నగర్’ అనే జిల్లా పేరు ఫైల్ సిస్టంలలో ఎదుర్కొనే రెండు లిపి సమస్యలు ఇందుకు ఉదాహరణలు. నిల్వ సాఫ్ట్‌వేర్‌లో తప్పును దిద్దగలిగే కాలం ఆ తప్పు డిస్క్ మీదికి చేరకముందే ఉంటుందనీ, కనుక సమీక్షలో ఆయా లిపులు తెలిసినవారి భాగస్వామ్యం మొదటి దశలోనే అవసరమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫైల్ సిస్టం, కోడ్ సమీక్ష, యూనికోడ్, ఐత్వం, పొల్లు, లినక్స్, నల్లగొండ, మహబూబ్‌నగర్.

1. ఉపోద్ఘాతం

దక్షిణ తెలంగాణ చరిత్రకు ఆధారాలు పలు రూపాల్లో ఉన్నాయి. ఆలంపురం, పానగల్లు శాసనాలు రాతి మీద ఉన్నాయి. 1922లో నల్లగొండ నుంచి వెలువడిన నీలగిరి పత్రిక కాగితం మీద ఉంది. 1946-51 మధ్య సాగిన రైతాంగ సాయుధ పోరాటపు జ్ఞాపకాలు పుస్తకాల్లోనూ, మౌఖిక కథనాల్లోనూ ఉన్నాయి. నేడు వీటి ఛాయాచిత్రాలు, ధ్వనిముద్రణలు, పాఠాలు కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి చేరుతున్నాయి. పరిశోధకుడు శాసనాన్ని ఫోన్‌తో చిత్రీకరించి, ఊరి పేరుతో ఫోల్డర్‌లో దాచుకోవడం క్షేత్ర పరిశోధనలో సాధారణమైంది.

ఆ ఫోల్డర్‌కు పెట్టిన పేరును యంత్రం ఎలా భద్రపరుస్తుందనే ప్రశ్న సాహిత్య, చరిత్ర పరిశోధనల్లో అరుదుగా చర్చకు వస్తుంది. పేరు తెరమీద కనిపించినంత మాత్రాన యంత్రానికి ఆ పేరు తెలిసినట్టు కాదు. యంత్రం భద్రపరిచేది అక్షరాల ఆకృతిని కాదు, వాటికి కేటాయించిన సంఖ్యల వరుసను. కంటికి ఒకటిగా కనిపించే రెండు పేర్లు డిస్క్ మీద రెండు వేర్వేరు వరుసలుగా ఉండవచ్చు. అప్పుడు వెతికిన పేరు దొరకదు. ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ స్థితిని సరిదిద్దడానికి ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో ప్రయత్నించారన్నది సాంకేతిక చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం. ఆ చరిత్రకు కేంద్రం అమెరికా, ఐరోపాలలోని ప్రయోగశాలలు, స్వచ్ఛంద రచయితల బృందాలే. అయితే అక్కడ తీసుకున్న నిర్ణయాలు తెలుగు లిపిలో రాసిన ప్రతి ఫైలు పేరుకూ వర్తిస్తాయి. కనుక ఆ నిర్ణయాలను తెలుగు పేర్ల వైపు నుంచి పరిశీలించవలసి ఉంది.

2. పేరు అంటే బైట్ల వరుస: యూనిక్స్ వారసత్వం

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ నేటి ఫైల్ సిస్టంలకు మూలపురుషుడి వంటిది. తొలినాటి యూనిక్స్‌లో డైరెక్టరీలోని ఒక్కొక్క నమోదుకు 16 బైట్లు ఉండేవి. వాటిలో 2 బైట్లు ఫైలు సంఖ్యకు, తక్కిన 14 బైట్లు పేరుకు. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీలో మార్షల్ కర్క్ మెక్‌కూసిక్, ఆయన సహచరులు రూపొందించిన ఫాస్ట్ ఫైల్ సిస్టం పేరు పొడవును 255కు పెంచింది. లినక్స్‌లోని ఎక్స్‌ట్4 వంటి ఫైల్ సిస్టంలు నేటికీ ఆ 255 బైట్ల హద్దునే పాటిస్తున్నాయి.

యూనిక్స్ తీసుకున్న నిర్ణయాల్లో పేరు పొడవు కంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పేరులో ఏ భాష ఉందో, ఏ లిపి ఉందో కెర్నెల్ పట్టించుకోదు. దారిని విడదీసే ఏటవాలు గీత, ముగింపును సూచించే సున్న బైట్ తప్ప మిగిలిన ఏ బైట్ అయినా పేరులో ఉండవచ్చు. పేరుకు అర్థం చెప్పే పని కెర్నెల్‌ది కాదు, దానిపై నడిచే ప్రోగ్రాములది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. అయితే యూనికోడ్ సంఖ్యలను నేరుగా రెండేసి బైట్లుగా రాస్తే వాటి నడుమ సున్న బైట్, ఏటవాలు గీత బైట్ తగిలే ప్రమాదం ఉంది. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో థాంప్సన్, రాబ్ పైక్ ఈ సమస్యకు పరిష్కారంగా యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. ఆ ప్రయత్నానికి అప్పట్లో ఉన్న పేరులోనే ‘ఫైల్ సిస్టంకు సురక్షితమైనది’ అనే విశేషణం ఉండేది. లోకంలోని లిపులన్నీ నేడు వాడుకుంటున్న ఈ సంకేతపద్ధతి ఫైలు పేర్ల అవసరం నుంచే పుట్టిందనడానికి ఆ విశేషణమే సాక్ష్యం.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరసంకేతం ఒక్కొక్కదానికి 3 బైట్లు పడుతుంది. ‘నల్లగొండ’లో న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్న, డ అనే 8 సంకేతాలు ఉన్నాయి కాబట్టి ఆ పేరు 24 బైట్లు. 255 బైట్ల హద్దులో ఆంగ్ల పేరు 255 అక్షరాల వరకు సాగగలిగితే, తెలుగు పేరు 85 సంకేతాల దగ్గర ఆగిపోతుంది. గ్రంథనామం, రచయిత పేరు, ముద్రణ సంవత్సరం అన్నీ కలిపి ఫైలుకు పేరు పెట్టేవారికి ఈ హద్దు అనుభవంలోకి వస్తుంది.

3. చదవడమే పద్ధతిగా: శైలి నియమాలు, సమీక్ష

కోడ్‌ను యంత్రం కోసమే కాక మనిషి చదవడం కోసం కూడా రాయాలనే భావన 1970లలో బలపడింది. 1976లో ఐబీఎంకు చెందిన మైకేల్ ఫాగన్ నిర్మాణాన్నీ, కోడ్‌నూ క్రమపద్ధతిలో తనిఖీ చేసే విధానాన్ని ప్రకటించాడు. అందులో సమావేశాన్ని నడిపే వ్యక్తి, రూపకర్త, కోడ్ రాసినవాడు, పరీక్షించేవాడు అని నాలుగు పాత్రలు ఉన్నాయి. దాదాపు అదే కాలంలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ యూనిక్స్ ఆరవ కూర్పు మూలపాఠానికి విద్యార్థుల కోసం వ్యాఖ్యానం రాశాడు. మూలపాఠానికి పంక్తుల సంఖ్యలు వేసి, ఆ సంఖ్యలను పట్టుకొని వివరణ ఇచ్చిన ఆ రచన వ్యాఖ్యాన సంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకులకు పరాయిదిగా తోచదు.

1991లో లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌లో ఈ సమీక్ష బహిరంగమైంది. మార్పును ‘ప్యాచ్’ రూపంలో అందరి ముందుంచడం, ఇతరులు పంక్తి పంక్తికీ అభ్యంతరాలు తెలపడం, రచయిత సవరించి తిరిగి పంపడం అక్కడి పద్ధతి. 2004 నుంచి ప్రతి ప్యాచ్ చివర దానికి బాధ్యత వహించేవారి పేరు రాయడం నియమమైంది. సమీక్షించినవారి పేరు చేర్చే ఆచారం దాని వెనుకే స్థిరపడింది. ఎవరు రాశారు, ఎవరు చదివారు అన్నది కోడ్‌తో పాటే చరిత్రలో నిలుస్తుంది.

లినక్స్ కెర్నెల్‌కు టోర్వాల్డ్స్ రాసిన శైలి నియమాల పత్రం ప్రసిద్ధం. ఒక్కొక్క అంచె లోపలికి జరిపినప్పుడు 8 స్థానాల ఎడం ఉండాలి. మూడు అంచెలకు మించి లోపలికి వెళ్లవలసి వస్తే ఆ ప్రోగ్రామునే తిరగరాయాలి. ఒక ఫంక్షన్ ఒకే పని చేయాలి. అందరూ వాడే పేర్లు అర్థవంతంగా ఉండాలి. పని మధ్యలో విఫలమైతే తీసుకున్న వనరులన్నింటినీ ఒకే చోట వదిలిపెట్టి బయటికి రావాలి. పంక్తి పొడవు చాలాకాలం 80 స్థానాలకు పరిమితమై ఉండేది. శైలిని యాంత్రికంగా పరీక్షించే ఒక సాధనం 2007లో చేరింది. 2020లో ఆ సాధనం పంక్తి హద్దును 100కు సడలించింది.

ఇవి పైపై అలంకారాలు కావు. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఆరు లినక్స్ ఫైల్ సిస్టంలకు సంబంధించిన ఎనిమిదేళ్ల కాలపు 5,079 ప్యాచ్‌లను పరిశీలించారు. వాటిలో దాదాపు 45 శాతం నిర్వహణకు, కోడ్‌ను తీర్చిదిద్దడానికి సంబంధించినవి. 40 శాతానికి కొంచెం తక్కువగా లోపాలను దిద్దినవి. ఆ లోపాల్లో సగానికి పైగా ఫైల్ సిస్టం ఎలా పనిచేయాలో సరిగా గ్రహించకపోవడం వల్ల కలిగినవి. పని విఫలమైనప్పుడు నడిచే మార్గాల్లో లోపాలు ఎక్కువగా కనిపించాయి. వైఫల్యంలో వనరులను ఒకే చోట వదలాలనే శైలి నియమానికి ఉన్న బలం ఈ ఫలితాల్లో తెలుస్తుంది.

అయితే శైలి సమీక్షకూ, నిర్మాణ సమీక్షకూ తేడా ఉంది. శైలిని సమీక్షించేవాడు ‘ఈ పంక్తి స్పష్టంగా ఉందా’ అని అడుగుతాడు. నిర్మాణాన్ని సమీక్షించేవాడు ‘ఈ పంక్తి వల్ల డిస్క్ మీద ఏది నిలిచిపోతుంది’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు సాధనాలు చాలావరకు జవాబు చెప్పగలవు. రెండవ ప్రశ్నకు మనుషులే చెప్పాలి.

4. దక్షిణ తెలంగాణ పేర్లలో రెండు లిపి సమస్యలు

4.1. ‘రైతు’లోని ఐత్వం

తెలుగు లిపిలో ఐత్వం కంటికి రెండు భాగాలుగా కనిపిస్తుంది. పైన ఎత్వం ఉంటుంది, కింద మరొక వంపు ఉంటుంది. యూనికోడ్ ఈ రెండు దృష్టులకూ చోటిచ్చింది. ఐత్వానికి ఒక సొంత సంకేతం ఉంది. కింది వంపుకు ‘ఐ దీర్ఘ చిహ్నం’ అనే పేరుతో వేరే సంకేతం ఉంది. ఎత్వం, ఐ దీర్ఘ చిహ్నం వరుసగా వస్తే అది ఐత్వంతో సర్వసమానమని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలాంటి విభజన ఉన్నది ఐత్వానికి మాత్రమే.

దీని ఫలితం ‘రైతు’ అనే మాటలో చూడవచ్చు. కలిసిన రూపంలో దానికి ర, ఐత్వం, త, ఉత్వం అనే 4 సంకేతాలు, అంటే 12 బైట్లు. విడదీసిన రూపంలో ఐత్వం స్థానంలో రెండు సంకేతాలు వస్తాయి కాబట్టి 5 సంకేతాలు, 15 బైట్లు. తెరమీద రెండూ ఒకే మాట. రైతాంగం, హైదరాబాదు, నైజాం, శైవం, జైనం, కైఫీయతు వంటి మాటలన్నింటికీ ఇదే స్థితి వర్తిస్తుంది. నల్లగొండ పోరాటం మీద, కొలనుపాక జైన క్షేత్రం మీద, నైజాం పాలన మీద పనిచేసే పరిశోధకుల ఫోల్డర్ పేర్లలో ఐత్వం తప్పనిసరిగా వస్తుంది. మాట మొదట అచ్చుగా వచ్చే ‘ఐ’కి మాత్రం ఈ విభజన లేదు. అందువల్ల ‘ఐలమ్మ’కు లేని చిక్కు ‘రైతు’కు ఉంది.

ఫైల్ సిస్టంలు ఈ జంటను వేర్వేరుగా చూశాయి. 1998లో ఆపిల్ ప్రవేశపెట్టిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ప్రతి పేరునూ విడదీసిన రూపంలోకి మార్చి భద్రపరిచింది. 2017లో దాని స్థానంలో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన పేరును అలాగే ఉంచి, పోల్చేటప్పుడు మాత్రం రెండు రూపాలనూ ఒకటిగా గుర్తించే పద్ధతిని స్థిరపరచుకుంది. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్, మామూలు ఎక్స్‌ట్4 ఈ మార్పులేవీ చేయవు. అక్కడ ఒకే ఫోల్డర్‌లో ‘రైతు’ అనే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన ఉండగలవు. పాత మాక్ డిస్క్ నుంచి లినక్స్‌లోకి ఎక్కించిన ఫోల్డర్‌లో, మామూలు కీబోర్డుతో ‘రైతు’ అని కొట్టి వెతికితే ఫైలు దొరకకపోవడానికి ఇదే కారణం. ఇలాంటి తేడాల వల్లనే 2012లో గిట్ అనే కోడ్ నిర్వహణ సాధనంలో మాక్ పేర్లను కలిసిన రూపంలోకి మార్చే ఏర్పాటు చేయవలసి వచ్చింది.

4.2. ‘మహబూబ్‌నగర్’లోని కనిపించని గుర్తు

తెలుగు అజంత భాష. నల్లగొండ, దేవరకొండ, భువనగిరి, వనపర్తి, గద్వాల, పాలమూరు వంటి పాత పేర్లు అచ్చుతో ముగుస్తాయి. ఆసఫ్‌జాహీల పాలనలో ఈ ప్రాంతానికి హల్లుతో ముగిసే మాటలు ఊరి పేర్లుగా వచ్చాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. షాద్‌నగర్, హుజూర్‌నగర్, ఫరూఖ్‌నగర్ వంటి పేర్ల నిర్మాణం కూడా ఇదే. నాగర్‌కర్నూల్‌లోనూ హల్లు మీద ముగిసే మాట తరువాత మరొక హల్లు వస్తుంది.

ఇలాంటి పేరును తెలుగులో రాయాలంటే బ పొల్లు తరువాత న రావాలి. యూనికోడ్‌లో పొల్లు తరువాత హల్లు వస్తే అది ఒత్తుగా మారిపోతుంది. అప్పుడు ‘మహబూబ్నగర్’ అనే రూపం వస్తుంది. పొల్లును పొల్లుగానే నిలపడానికి నడుమ ‘జీరో విడ్త్ నాన్‌జాయినర్’ అనే గుర్తు వేయాలి. దీనిని ఇక్కడ ‘వియోజకం’ అందాం. దానికి సొంత ఆకృతి లేదు, వెడల్పు లేదు. తెరమీద కనిపించకపోయినా అది 3 బైట్లు ఆక్రమిస్తుంది. వియోజకంతో ‘మహబూబ్‌నగర్’ 33 బైట్లు, అది లేకుండా 30 బైట్లు.

అచ్చుతో ముగిసే నల్లగొండకు ఈ గుర్తుతో పని లేదు. భాషా సంపర్కం వల్ల వచ్చిన మహబూబ్‌నగర్‌కు అది తప్పదు. ఊరి పేరులో నిక్షిప్తమైన రాజకీయ చరిత్ర ఫైలు పేరులో బైట్ల తేడాగా కనిపిస్తుంది. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లాలు చీలి నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడటంతో వియోజకం అవసరమయ్యే జిల్లా పేరు ఈ ప్రాంతానికి మరొకటి చేరింది.

5. డిస్క్‌కు చేరకముందు జరిగిన సమీక్ష: 2014-2019

లినక్స్ ఫైల్ సిస్టంలలో యూనికోడ్ సమానత్వాన్ని గుర్తించే ప్రయత్నం 2014లో ఎస్‌జీఐ సంస్థ నుంచి వచ్చింది. ఎక్స్ఎఫ్ఎస్ కోసం ఓలాఫ్ వెబర్ సిద్ధం చేసిన ఆ ప్యాచ్‌లు అప్పుడు కెర్నెల్‌లో చేరలేదు. కొన్నేళ్ల తరువాత గాబ్రియెల్ క్రిస్‌మన్ బెర్తాజి ఆ కోడ్‌ను ఆధారం చేసుకొని ఎక్స్‌ట్4 కోసం కొత్త రూపం ఇచ్చాడు. 2019 జులైలో వెలువడిన లినక్స్ 5.2లో అది ‘కేస్‌ఫోల్డ్’ అనే సదుపాయంగా చేరింది.

దీని ఉద్దేశం తెలుగు కాదు. ఆంగ్లంలోని పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను పట్టించుకోని ప్రోగ్రాముల అవసరం దీనికి మూలం. ఆండ్రాయిడ్ ఫోన్లలోని అంతర్గత నిల్వకు కూడా ఆ తరువాతి కాలంలో ఇదే సదుపాయం ఆధారమైంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. అయినా పేర్లను పోల్చే పట్టిక అన్ని లిపులకూ ఒకటే కనుక తెలుగు పేర్లు కూడా దాని పరిధిలోకి వచ్చాయి.

ఈ దశలో జరిగిన సమీక్ష ఒక ముఖ్యమైన మార్పుకు దారితీసింది. ఎస్‌జీఐ కోడ్ వాడిన యూనికోడ్ పద్ధతి అర్థంలో దగ్గరగా ఉన్న రూపాలను కూడా ఒకటిగా లెక్కించేది. చర్చ తరువాత దాన్ని విడిచి, సర్వసమానమైన రూపాలను మాత్రమే కలిపే పద్ధతిని తీసుకున్నారు. అప్పటికి ఆ సదుపాయంతో తయారైన డిస్క్‌లు వాడుకలోకి రాలేదు. కనుక ఎవరి ఫైలుకూ నష్టం కలగకుండా మూలసూత్రమే మారింది.

నిర్మాణంలో మరికొన్ని జాగ్రత్తలు కూడా కనిపిస్తాయి. కేస్‌ఫోల్డ్ లక్షణాన్ని ఖాళీ డైరెక్టరీకి మాత్రమే ఇవ్వవచ్చు. ఏ యూనికోడ్ కూర్పు ప్రకారం పేర్లను పోలుస్తున్నారో ఆ సంఖ్య డిస్క్ మీదనే నమోదవుతుంది. తొలి సంఖ్య 12.1. యూనికోడ్ రేపు మారినా నిన్నటి డిస్క్ అర్థం మారకూడదన్నది ఈ ఏర్పాటు వెనుక ఆలోచన.

ఈ సదుపాయం ఉన్న డైరెక్టరీలో ‘రైతు’ రెండు రూపాలూ ఒకటే అవుతాయి. ఐత్వ సమస్యకు అది సరైన పరిష్కారం. కానీ అదే పట్టికలో ఇంకొక నిర్ణయం కూడా ఉంది. యూనికోడ్ ‘పట్టించుకోనవసరం లేనివి’గా వర్గీకరించిన గుర్తులను పోల్చేముందు పూర్తిగా తొలగిస్తారు. వియోజకం ఆ వర్గంలోనిదే. కాబట్టి ‘మహబూబ్‌నగర్’, ‘మహబూబ్నగర్’ కూడా ఒకే పేరు అయ్యాయి. తెలుగు పాఠకుడికి ఈ ఫలితం అనుకూలంగానే తోచవచ్చు. కానీ వియోజకానికీ, ఏ భాషకూ చెందని ఇతర అదృశ్య గుర్తులకూ ఆ వర్గీకరణ తేడా చూపదు. కనిపించని గుర్తులు చేర్చి ఒక పేరును మరొక పేరుగా చెల్లించే వీలు భద్రతకు ముప్పు. ఈ నిర్ణయం 2019 నాటి సమీక్షను దాటి డిస్క్‌ల మీదికి చేరింది.

6. డిస్క్‌కు చేరిన తరువాత జరిగిన సమీక్ష: 2024

2024 అక్టోబరులో ఆ నిర్ణయాన్ని సరిదిద్దే ప్యాచ్ కెర్నెల్‌లో చేరింది. అదృశ్య గుర్తులను తొలగించకుండా మామూలు అక్షరాల్లాగే పరిగణించాలన్నది దాని సారాంశం. రాసినవాడు బెర్తాజినే. మార్పులో అధికభాగం ఒక ప్రోగ్రాము ద్వారా తయారైన అక్షరపట్టిక. మనిషి రాసిన భాగం కొద్దిపాటిది. శైలి దృష్టితో చూస్తే ఆక్షేపించదగినది లేదు. అనవసరమైన ప్రత్యేక నియమాన్ని తీసివేసి కోడ్‌ను సరళం చేసే మార్పు అది.

తప్పు మరొక చోట బయటపడింది. డైరెక్టరీలో ఫైళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ప్రతి పేరునూ వరుసగా చదివి పోల్చడం ఆలస్యం. అందుకని ఎక్స్‌ట్4 పేరు నుంచి ‘హ్యాష్’ అనే ఒక సంఖ్యను గణించి, ఆ సంఖ్య ఆధారంగా సూచిక నిర్మిస్తుంది. గ్రంథాలయంలో పుస్తకానికి వేసే వర్గసంఖ్య వంటిది ఇది. కేస్‌ఫోల్డ్ డైరెక్టరీలలో ఈ సంఖ్యను అసలు పేరు నుంచి కాక, మడిచిన పేరు నుంచి గణిస్తారు. ఆ సంఖ్యలు డిస్క్ మీద నిలిచి ఉంటాయి. పట్టిక మారగానే అదృశ్య గుర్తు ఉన్న పేరుకు కొత్త సంఖ్య వచ్చింది. డిస్క్ మీద పాత సంఖ్య అలాగే ఉంది. వర్గీకరణ పద్ధతి మారి, అరల్లోని పుస్తకాల మీద పాత చీటీలే ఉన్న గ్రంథాలయం పరిస్థితి ఏర్పడింది. జాబితాలో ఫైలు కనిపిస్తుంది, తెరవబోతే లేదంటుంది.

2024 డిసెంబరులో టోర్వాల్డ్స్ ఆ మార్పును వెనక్కి తీసుకున్నాడు. పాత ప్రవర్తన తప్పేనని అంగీకరిస్తూనే, ఆ తప్పు ఆధారంగా గణించిన సంఖ్యలు డిస్క్‌ల మీద ఉన్నందువల్ల దాన్ని దిద్దలేమని వివరించాడు. మధ్యకాలంలో కొత్త పద్ధతితో సృష్టించిన ఫైళ్లకు ఈ ఉపసంహరణ వల్ల కూడా చిక్కు రావచ్చని గుర్తించాడు. అసలు ఫైల్ సిస్టంలో అక్షరాల తేడాలను మడవడమే సరికాదన్నది ఆయన స్థిరాభిప్రాయం. తరువాత ఎక్స్‌ట్4 నిర్వాహకుడు థియొడోర్ త్సో సూచిక ద్వారా పేరు దొరకకపోతే డైరెక్టరీ మొత్తాన్ని వరుసగా వెతికే మార్గాన్ని చేర్చాడు. ఎఫ్2ఎఫ్ఎస్‌లో కూడా అటువంటి ఏర్పాటే జరిగింది.

ఈ సంఘటన చర్చలో ఉదాహరణలుగా వచ్చినవి ప్రధానంగా బొమ్మ గుర్తులు. ఎర్ర హృదయపు బొమ్మ వెనుక ఉండే అదృశ్య గుర్తు అందరికీ తెలిసిన ఉదాహరణ అయింది. కానీ ఆ పట్టికలో అదే వర్గంలో ఉన్న వియోజకం తెలుగులో అలంకారం కాదు. ఒక జిల్లా పేరును సరిగా రాయడానికి అవసరమైన లిపి సాధనం. రద్దయిన మార్పు ఏ ఫోన్‌లోకో చేరి ఉంటే, పాత పట్టికతో దాచిన ‘నల్లగొండ’ ఫోల్డర్ ఎప్పటిలాగే తెరుచుకునేది. ‘మహబూబ్‌నగర్’ ఫోల్డర్ తెరుచుకోని స్థితి వచ్చేది.

డిస్క్ మీద నమోదైన యూనికోడ్ కూర్పు సంఖ్య ఇక్కడ రక్షణ ఇవ్వలేదన్నది కూడా గమనించాలి. 2024లో మారింది యూనికోడ్ కూర్పు కాదు, ఆ కూర్పును కెర్నెల్ అన్వయించే తీరు. సంఖ్య 12.1గానే ఉంది. ప్రమాణపు మార్పును ముందే ఊహించి ఏర్పాటు చేసుకున్న నిర్మాణం, ప్రమాణ వ్యాఖ్యానంలో వచ్చే మార్పును ఊహించలేదు.

7. పాఠపరిష్కరణతో పోలిక

తెలుగు పరిశోధకులకు పాఠపరిష్కరణ సుపరిచితం. పరిష్కర్త అనేక ప్రతులను సరిపోల్చి సరైన పాఠాన్ని నిర్ణయిస్తాడు, తిరస్కరించిన పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో ఇస్తాడు. అతని నిర్ణయం తప్పైనా మూలప్రతి చెడదు. తరువాతి పరిష్కర్త తాళపత్రాన్ని తిరిగి చూసి వేరే నిర్ణయానికి రావచ్చు. శాసన పరిష్కరణలోనూ అంతే. చదవడంలో పొరపాటు జరిగినా రాయి సాక్ష్యంగా నిలుస్తుంది.

కోడ్ సమీక్ష పైకి దీనిని పోలి ఉంటుంది. అక్కడ కూడా అనేకులు చదువుతారు, అభ్యంతరాలు నమోదవుతాయి, పాత కూర్పులన్నీ భద్రంగా ఉంటాయి. కోడ్ వరకు తప్పును వెనక్కి తీసుకోవచ్చు. నిల్వ సాఫ్ట్‌వేర్‌లో తేడా ఏమంటే, ఆ కోడ్ రాసి పెట్టినది కోడ్ రచయితల దగ్గర ఉండదు. అది లెక్కలేనంతమంది డిస్క్‌ల మీద ఉంటుంది. వాటిని వెనక్కి పిలిపించడం సాధ్యం కాదు. అందువల్ల తప్పుగా చదివిన పాఠమే మూలపాఠంగా స్థిరపడుతుంది. 2024 డిసెంబరు నాటి ఉపసంహరణ తప్పును సమర్థించడం కాదు, తప్పుకు కాలం ఇచ్చిన హక్కును అంగీకరించడం.

ఈ పోలికకు ఇంకొక పార్శ్వం ఉంది. శాసనాన్ని చదివేవాడికి లిపి తెలిసి ఉండటం కనీసార్హత. ఫైలు పేర్ల పట్టికను సమీక్షించేవాడికి లోకంలోని లిపులన్నీ తెలిసి ఉండవు. అది అతని లోపం కాదు. పొల్లు తరువాతి వియోజకం అర్థాన్ని నిర్ణయిస్తుందా, ఐత్వం రెండు భాగాలు ఒకటేనా అనే ప్రశ్నలకు జవాబు తెలుగు శాఖల్లో ఉంది. ఆ జవాబు అవసరమైన చర్చ మరొక చోట, మరొక భాషలో, బహిరంగంగానే జరుగుతున్నది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, శైలి నియమాలు కోడ్‌ను చదవదగినదిగా చేస్తాయి. చదవదగిన కోడ్‌లో కూడా, డిస్క్ మీద ఏది నిలిచిపోతుందనే ప్రశ్నను సమీక్షకుడు విడిగా అడిగి తీరాలి. రెండవది, ఒకే పట్టికలోని రెండు నిర్ణయాలకు రెండు గతులు పట్టాయి. పోలిక పద్ధతిని డిస్క్‌కు ముందే ప్రశ్నించారు కనుక అది మారింది. అదృశ్య గుర్తుల తొలగింపును డిస్క్ తరువాత ప్రశ్నించారు కనుక అది మారలేదు. మూడవది, ఆ రెండవ నిర్ణయం భారం అన్ని పేర్ల మీద సమానంగా పడదు. హల్లుతో ముగిసే మాటలను కలుపుకొన్న మహబూబ్‌నగర్ వంటి పేర్ల మీద అది ఎక్కువగా పడుతుంది.

ప్రాంతీయ చరిత్ర ఆధారాలను డిజిటల్ రూపంలో భద్రపరిచే సంస్థలు, విశ్వవిద్యాలయ శాఖలు ఈ చరిత్ర నుంచి కొన్ని పద్ధతులను గ్రహించవచ్చు. ఫైలు పేర్లను కలిసిన రూపంలోనే ఉంచాలి. వియోజకం వాడే పేర్లకు ఒకే లేఖన సంప్రదాయాన్ని నిర్ణయించుకోవాలి. ప్రతి వస్తువుకూ లిపితో సంబంధం లేని ఒక వరుస సంఖ్య కూడా ఇవ్వాలి. పేరు మారినా వస్తువు దొరికేలా విడిగా ఒక సూచిక నిర్వహించాలి.

ఇవి వాడుకరి వైపు జాగ్రత్తలు. వీటితో పాటు, తెలుగు లిపి లక్షణాలను పరీక్షించగల పేర్ల జాబితాను భాషావేత్తలు రూపొందించి, నిల్వ సాఫ్ట్‌వేర్‌ను సమీక్షించేవారికి అందించవలసిన అవసరం ఉంది. రైతు, హైదరాబాదు, కైఫీయతు, షాద్‌నగర్, హుజూర్‌నగర్, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ అనే ఏడు పేర్లు అటువంటి జాబితాకు తొలి పంక్తులు కాగలవు.